జమీందారుగారు మద్రాసు ఖాళీ చేశారు!

విలన్‌గారి బంగళా హాలు మీరు ఎన్ని సినిమాల్లో చూశారో లెక్కలేదు కదూ? మెలికలు తిరిగిన మెట్లు, గోడమీద పులి తల, సిల్కు గౌనులో విలన్‌గారు, నోట్లో పైపు. గాజు తొట్టిలోని చేపలకి తాపీగా మేత వేస్తూ, "రేపు తెల్లారేసరికి వాడు ఉండకూడదు" అంటారు. మీరందరూ ఆయన్ని చూసి వణికిపోతారు. నేను మాత్రం చేపల్నే చూస్తాను. షాట్ ఓకే అయ్యాక విలన్‌గారు కారెక్కి ఇంటికి వెళ్ళిపోతారు. పులి తల గోడౌనుకి వెళుతుంది. మరి చేపలు ఎక్కడికి వెళతాయి?

మా ఇంటికి వచ్చాయి!

మా నాన్న మద్రాసులో సెట్ ప్రాపర్టీ అసిస్టెంటు. కుంకుమ భరిణె నుంచి గుర్రపుబండి దాకా డైరెక్టరు ఏది అడిగితే అది ఫ్లోరు మీదికి తేవడం ఆయన పని. 1988లో వడపళనిలో ఒక జమీందారు బంగళా సెట్టు వేశారు. అందులో నాలుగడుగుల గాజు తొట్టి, రెండు ఆస్కార్ చేపలు. ఆస్కార్ అంటే అవార్డు కాదండోయ్, చేప పేరే అది! అమెజాన్ నది వాటి పుట్టిల్లు. నల్లటి ఒంటి మీద నారింజరంగు చారలు, తోక మొదట్లో కన్నులాంటి గుండ్రటి మచ్చ. అప్పటికి జానెడు కూడా లేవు. పెరిగితే అడుగు పొడవు అవుతాయి. మేత వేసే మనిషిని చక్కగా గుర్తుపడతాయి. నాన్న కనిపిస్తే చాలు, అద్దం దగ్గరికి వచ్చేసేవి.

షెడ్యూలు అయిపోయింది. "ఏ చెరువులోనో పడెయ్యవయ్యా" అన్నారు ప్రొడక్షన్ మేనేజర్‌గారు. నాన్న ఒప్పుకోలేదు. పరదేశపు చేపని మన చెరువులో వదిలితే అయితే అది చస్తుంది, లేకపోతే మన చేపపిల్లల్ని తినేస్తుంది. తొట్టితో సహా ఇంటికి తెచ్చుకుంటానన్నారు. వాళ్ళు సరేనన్నారు.

నాకు అప్పుడు పదకొండేళ్ళు. చేపల్ని తీసుకురావడానికి నాన్నతో నేనూ స్టూడియోకి వెళ్ళాను. నాన్న అటు తిరిగినప్పుడు, పాపం దారిలో ఆకలేస్తుందేమోనని గుప్పెడు రొయ్య ముక్కలు తొట్టిలో వేశాను. రెండూ గబగబా మింగేశాయి. తర్వాత రెండింటినీ కలిపి ఒకే ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి బిగించి ఆటో ఎక్కాం. ఇంటికి చేరేసరికి సంచిలో నీళ్ళు తెల్లగా, కలి నీళ్ళలా మారిపోయాయి. ఒక చేప వెల్లకిలా తేలింది. రెండోది కొన ఊపిరితో బతికింది.

"ఒకే సంచిలో పెట్టడం నాదే తప్పు" అన్నారు నాన్న. నేను రొయ్యల సంగతి చెప్పలేదు. ఆరేళ్ళ పాటు చెప్పలేదు.

బతికిన చేపకి నాన్న జమీందారు అని పేరు పెట్టారు. సినిమాల్లో జమీందార్ల లాగే దీనికీ మూతి ముడుపు, అలక, కోపం. తొట్టిలో గులకరాళ్ళు తనకి నచ్చినట్టు నోటితో మోసుకుని సర్దుకునేది. అది పెరుగుతూ వచ్చింది, మద్రాసులో నాన్నకి పని తరుగుతూ వచ్చింది. తెలుగు సినిమా ఒక్కొక్క ఆఫీసే, ఒక్కొక్క కంపెనీయే హైదరాబాదు వెళ్ళిపోతున్న రోజులవి. తోటి వాళ్ళంతా కృష్ణానగర్, యూసుఫ్‌గూడ చేరిపోయారు. బాబాయి కూడా వెళ్ళి ఏడాది దాటింది. "అన్నయ్యా, ఇక్కడ చేతినిండా పని ఉంది, వచ్చెయ్" అని ఉత్తరం మీద ఉత్తరం. నాన్న జవాబు ఒక్కటే. "జమీందారు ప్రయాణం తట్టుకోలేడురా."

రెండేళ్ళు విన్నాక అమ్మ ఒకరోజు అడిగేసింది. "చేప సంగతి అలా ఉంచండి. తట్టుకోలేనిది మీరా, అదా?"

నాన్న మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే నన్ను సైకిలు మీద ఎక్కించుకుని కొళత్తూరు వెళ్ళారు. రంగు చేపల పెంపకానికి పేరుపడ్డ చోటది. అక్కడ ఒక పెద్దాయన అరవం కలిసిన తెలుగులో అంతా విన్నాడు. పాత కథ కూడా విని, "ప్రయాణానికి ముందు మేత వేశారా?" అని అడిగాడు. నాన్న "లేదు" అన్నారు. నేను నేల చూపులు చూశాను.

పెద్దాయన చెప్పింది ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. చేప మొప్పల ద్వారా నీటిలోకి అమోనియా వదులుతుంది. పెద్ద తొట్టిలో అది తెలియదు. చిన్న పాత్రలో అదే విషం. కడుపునిండా తిన్న చేప ఇంకా ఎక్కువ వదులుతుంది, నీళ్ళు ఇంకా పాడుచేస్తుంది. అందుకని ప్రయాణానికి రెండు రోజుల ముందే మేత ఆపెయ్యాలి. పెద్ద చేపకి రెండు రోజుల పస్తు ఏమీ కాదట! ఒక పాత్రలో ఒకటే చేప. అడుగు పొడవు చేపకి సంచి పనికిరాదు, రెక్కల ముళ్ళు గుచ్చుకుని చిరుగుతుంది. మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ము కావాలి. పెయింటు, టర్పెంటైను పోసిన డ్రమ్ము ముట్టుకోకూడదు.

ప్లాస్టిక్ డ్రమ్ములకి ఏం కొదవ? నీళ్ళ లారీ కోసం పడిగాపులు పడే ఆనాటి మద్రాసులో ప్రతి ఇంట్లోనూ ఉండేవి!

వచ్చేటప్పుడు పెద్దాయన చిన్న పొట్లం చేతిలో పెట్టాడు. కుళాయి నీళ్ళలోని క్లోరిన్ విరగడానికి ఈ పలుకులు కొద్దిగా వెయ్యాలన్నాడు. నాన్న పొట్లం విప్పి చూసి పకపకా నవ్వారు. "ఇది మన ల్యాబులో ఫిల్ము కడిగే హైపో కదయ్యా!" నిజమే. సోడియం థయోసల్ఫేట్. బొమ్మని ఫిల్ము మీద నిలబెట్టేదీ అదే, చేపని కుళాయి నీళ్ళలో నిలబెట్టేదీ అదే. సినిమా వాడి చేపకి సినిమా మందే దొరికింది!

1994 సంక్రాంతి వెళ్ళాక బయల్దేరాం. అమ్మా తమ్ముడూ రైల్లో వెళ్ళారు. స్టూడియో సామాను తీసుకెళ్ళే మెటాడోర్ వ్యానులో నాన్న, నేను, జమీందారుగారు. తొట్టిని పూర్తిగా ఖాళీ చేశాం. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టి నిండితే నీళ్ళే 250 కిలోలు దాటతాయి. అడుగున కాసిని నీళ్ళు, రాళ్ళు ఉంచి ఎత్తినా అతుకులు విడిపోతాయి, అద్దం పగులుతుంది. ఖాళీ తొట్టికి బొంతలు చుట్టి కట్టాం. ఫిల్టరులోని స్పాంజీని కుళాయి నీళ్ళతో కడగలేదు. అమోనియాని విరిచే మేలు సూక్ష్మజీవులు దానిలోనే ఉంటాయి. క్లోరిన్ తగిలినా, ఎండిపోయినా, గాలి ఆడకపోయినా అవి చచ్చిపోతాయి. పాత నీళ్ళలోనే పిండి, పాత నీళ్ళున్న బకెట్టులో వేసి, పైన పల్చటి గుడ్డ కప్పాం.

ఇక జమీందారుగారు! వల వెయ్యలేదు. వలలో పెద్ద చేప కొట్టుకుంటే రెక్కలు చీరుకుపోతాయి, పొలుసులు లేస్తాయి, ఒంటి మీది జిగురు పోతుంది. ఆ జిగురే దానికి కవచం. లైటు ఆపేసి, ప్లాస్టిక్ టబ్బుని నీళ్ళలో ముంచి, మెల్లగా అందులోకి తోలి, నీళ్ళతో సహా ఎత్తి డ్రమ్ములో దింపారు నాన్న. సగానికి పైగా పాత నీళ్ళు, ఎగరకుండా చిల్లుల మూత, చలి తగలకుండా చుట్టూ దుప్పటి. దారిలో మార్చడానికి మరో మూడు బిందెల పాత నీళ్ళు. ఇప్పుడైతే బ్యాటరీతో నడిచే గాలి పంపులు దొరుకుతున్నాయి. మాకు అప్పుడు దొరికింది స్టీలు చెంబు! పావుగంటకోసారి మూత తీసి, చెంబుతో నీళ్ళు ముంచి పైనుంచి ధార కట్టి పొయ్యాలి. ఆ ధారతోనే నీళ్ళలోకి గాలి కలుస్తుంది. ఒకసారి నాన్న, ఒకసారి నేను.

నెల్లూరు దాటింది. ఒంగోలు దగ్గర టీకి ఆపారు. డ్రైవరన్న దిగాడు. చీకట్లో చెంబు ధార చప్పుడు తప్ప ఏమీ లేదు. నాకు ఉన్నట్టుండి ఏడుపొచ్చింది.

"నాన్నా, ఆ రోజు సెట్టులో రొయ్యలు వేసింది నేనే."

ఆయన ధార ఆపలేదు. "తెలుసమ్మా."

"తెలుసా!"

"సంచి విప్పితే రొయ్య ముక్కలు కనిపించలేదూ? ఆకలేస్తుందని పెట్టావు. నేనేమో రెండింటినీ ఒక సంచిలో కుక్కాను. ఇద్దరం కలిసి చేసిన పనే." కాసేపాగి మళ్ళీ అన్నారు. "ఆ కొళత్తూరాయన దగ్గర నేను అబద్ధం ఆడాను. నీ ముందు చెప్పలేక."

చెంబు నా చేతికిచ్చి దిగి టీ తాగడానికి వెళ్ళారు. నేను ధార పోస్తూనే ఉన్నాను.

విజయవాడలో కొన్ని నీళ్ళు తీసి, బిందెలో నీళ్ళు పోశాం. మధ్యాహ్నానికి యూసుఫ్‌గూడ చేరాం. బాబాయి రెండు రోజుల ముందే టబ్బుల్లో నీళ్ళు పట్టి ఉంచాడు. గోడ పక్కన బల్ల మట్టం చూసి, థర్మోకోల్ షీటు పరిచి తొట్టి నిలబెట్టాం. పట్టిన నీళ్ళు, మిగిలిన పాత నీళ్ళు పోసి, హైపో పలుకులు వేసి, స్పాంజీ బిగించి, పంపు ఆన్ చేశాం. కొత్త తొట్టి నీళ్ళు డ్రమ్ములోకి చెంబు చెంబుగా గంటసేపు కలిపాం. ఆ తర్వాతే చేపని టబ్బుతో దింపాం. డ్రమ్ములోని మురికి నీళ్ళు తొట్టిలో పొయ్యలేదు.

దిగగానే జమీందారు అడుక్కి పోయి, రంగు పాలిపోయి, పక్కకి ఒరిగి పడుకుంది! నా గుండె జారిపోయింది. మొప్పలు మాత్రం ఆడుతున్నాయి. ఆస్కార్ చేపలు చోటు మారితే అలా అలిగి పడుకుంటాయని తర్వాత తెలిసింది. లైటు వెయ్యకుండా, మేత పెట్టకుండా, అద్దం తట్టకుండా వదిలెయ్యడమే వైద్యం. ఆ రాత్రి నాన్న తొట్టి పక్కనే చాప వేసుకున్నారు. కొత్త ఊళ్ళో ఇద్దరికీ నిద్ర లేదు.

మూడో రోజు పొద్దున్న జమీందారు లేచి నిలబడింది. నాన్న వేసిన మేత లాక్కుంది. గులకరాళ్ళు నోట పట్టి సర్దడం మొదలుపెట్టింది. నాన్న చొక్కా వేసుకుని, "పనికి వెళ్ళొస్తానే" అని అమ్మతో చెప్పి బయల్దేరారు.

అది 2000లో పోయింది, ముసలితనంతో. ఖాళీ తొట్టిని నాన్న ఆర్ట్ డిపార్టుమెంటుకే ఇచ్చేశారు. మరుసటి ఏడాది ఇంటిల్లిపాదీ సెకండ్ షోకి వెళ్ళాం. తెర మీద బంగళా హాలు, సిల్కు గౌను, తొట్టి. విలన్ డైలాగు మొదలెట్టాడో లేదో, మూల అతుకుకి నాన్న పూసిన మందపాటి గమ్ము గుర్తుపట్టేశాను. ఇటు తిరిగాను. నాన్న అప్పటికే రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేస్తున్నారు.

విలన్‌కి ఈల వేసిన ప్రేక్షకుణ్ణి హాలంతా తిరిగి చూసింది!