ఎవరన్నా తరుముతున్నారా?

సత్తెనపల్లి శివార్లలో సాగర్ కాలువ కట్ట మీద నేను పరిగెత్తడం మొదలుపెట్టిన మొదటి వారంలో ఈ ప్రశ్న కనీసం నలుగురు అడిగారు. అందులో ఎగతాళి లేదు. పాలక్యాన్లతో వెళ్ళే ఒక పెద్దాయన నిజంగానే సైకిలాపి నా వెనక్కి చూశాడు. ఆడమనిషి పరిగెత్తుతోందంటే వెనక ఏదో ఉండాలి. కుక్కో, మగవాడో. లేదంటే ముందు ఏదో చావు కబురుండాలి. ముందూ వెనకా ఏమీ లేకుండా ఊరికే పరిగెత్తడం అనేది, మా వూరి ఆడవాళ్ళకు సంబంధించినంత వరకు, ఇంకా పేరు పెట్టని పని.

ఈ పిచ్చి నాకు అంటుకున్నది ఇంగ్లండులో. పిహెచ్.డి. అయ్యాక ఒక పరిశోధన పని మీద ఏడాది షెఫీల్డులో ఉన్నాను. అక్కణ్ణించి రైలెక్కితే అరగంట పైచిలుకులో ఈడేల్ అనే చిన్న ఊరొస్తుంది. పెన్నైన్ వే అనే కాలిబాట మొదలయ్యేది అక్కడే. కొండల మీదుగా 268 మైళ్ళు, స్కాట్లండు దాకా. నేను పరిగెత్తింది అందులో మొదటి నాలుగైదు మైళ్ళే. గొర్రెల మధ్య నుంచి, జేకబ్స్ లాడర్ అనే రాతిమెట్ల మీదుగా కిండర్ స్కౌట్ పైకి. ఎత్తు 636 మీటర్లు. పైనంతా నల్లటి పీట్ నేల. వాన పడితే మా నల్లరేగడికి అక్కలాగా బూట్లు పట్టుకుని వదలదు. దిగేటప్పుడు ఓక్ చెట్ల తోపులో వేరు తగిలి ఒకసారి బోర్లా పడ్డాను. కుక్కతో వస్తున్న ముసలావిడ ఆగి, మోకాలికి రక్తం కారుతోందని చెప్పి, తన దారిన తను వెళ్ళిపోయింది. ఎందుకు పరిగెత్తుతున్నావని అడగలేదు. ఆ అడక్కపోవడం కోసమే మళ్ళీ మళ్ళీ వెళ్ళాననుకుంటాను.

అక్కడంతా స్వర్గమని చెప్పడం లేదు. నవంబరులో నాలుగు దాటితే చీకటిపడే ఆ తోపుల్లోకి ఒంటరిగా వెళ్ళే ధైర్యం నేను చేయలేదు. అక్కడే పుట్టి పెరిగిన నా స్నేహితురాలూ చేయలేదు. ఆమె పాటలు ఒక చెవికే పెట్టుకుని పరిగెత్తేది. రెండో చెవి వెనక అడుగుల చప్పుడు కోసం.

నన్ను ఆశ్చర్యపరిచింది కొండలు కాదు, దారులు. రైతు పొలం నడిమధ్య నుంచి పోయే కాలిబాటకు అక్కడ చట్టం ఉంది. 1949 చట్టంతో ఆ దారుల్ని మ్యాపుల్లోకి ఎక్కించడం మొదలుపెట్టారు. కంచె అడ్డమొస్తే దాటడానికి మెట్లుంటాయి, పసుప్పచ్చ బాణం గుర్తుంటుంది. ఎవరో దయ తలిచి ఇచ్చింది కాదది. పక్షుల వేట కోసం భూస్వాములు మూసిపెట్టిన కిండర్ స్కౌట్ మీదికి 1932 ఏప్రిల్ 24న కొన్ని వందలమంది, ఎక్కువగా కార్మికులు, నిషేధాన్ని లెక్కచేయకుండా ఎక్కారు. అయిదుగురికి జైలుశిక్ష పడింది. బయళ్ళలో తిరిగే హక్కు చట్టమయ్యేసరికి 2000 సంవత్సరం వచ్చింది.

ఇది చదువుతుంటే మా పల్నాడు గుర్తురాకుండా ఉంటుందా? వాళ్ళకంటే పదేళ్ళ ముందే ఇక్కడివాళ్ళు అడవి కోసం తిరగబడ్డారు. అడవిలో పశువుల్ని మేపుకోవాలంటే పుల్లరి కట్టాలన్నారు, కట్టమన్నారు. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతును కాల్చి చంపారు. అక్కడిది ఆదివారం సెలవు కోసం పోరాటం, ఇక్కడిది బతుకు కోసం. ఆ తేడాను నేను చిన్నది చేయను. కానీ రెండుచోట్లా ఆడవాళ్ళ కోసం వెతుక్కోవలసి వచ్చింది. కిండర్ కేసులో జైలుకెళ్ళిన అయిదుగురూ మగవాళ్ళే. పుల్లలకీ ఆకులకీ రోజూ అడవిలోకి పోయిన ఆడవాళ్ళు మేం బళ్ళో చదివిన పుల్లరి పాఠంలో ఒక్క వాక్యంలోనూ లేరు.

సాహిత్యంలోనూ ఇంతే. వర్డ్స్‌వర్త్ నడకల గురించి క్లాసులో ఎంత విన్నామో! ఆయన చెల్లెలు డొరతీ 1818లో ఒక స్నేహితురాలితో కలిసి ఇంగ్లండులోకెల్లా ఎత్తయిన స్కాఫెల్ పైక్ ఎక్కింది. ఆ ప్రయాణం గురించి ఆమె రాసుకున్నది, అన్నగారు సరస్సుల ప్రాంతం మీద రాసిన గైడు పుస్తకంలో ఆమె పేరు లేకుండా అచ్చయింది. ఆ సంగతి నాకు పిహెచ్.డి. అయ్యాక గానీ తెలియలేదు. సిగ్గుగానే ఉంది.

తిరిగొచ్చాక ఊళ్ళో దారి కోసం వెతికాను. హైవే మీద లారీలు. చేల మధ్య డొంక ఉంది గానీ, చిన్నప్పుడు రెండు బళ్ళు పట్టిన డొంక ఇప్పుడు అటు పత్తి, ఇటు మిరప జరిగి జరిగి ఒక మనిషి పట్టేంత అయింది. మా నాన్న చేను కూడా కాస్త జరిగింది. ఆ డొంకలోకే మా అమ్మమ్మా వాళ్ళూ తెల్లారకముందు గుంపుగా చెంబులతో వెళ్ళేవాళ్ళు. ఎందుకు, ఎక్కడికి అని ఎవరూ అడగని ప్రయాణం వాళ్ళకు అదొక్కటే. అత్తల సంగతులన్నీ అక్కడే మాట్లాడుకునేవాళ్ళమని అమ్మమ్మ నవ్వుతూ చెప్పేది.

చివరికి కాలువ కట్ట. మిరపకోతల రోజుల్లో ఆ వేళకి కూలివాళ్ళ ఆటోలు ఎదురొస్తాయి. కల్లాల్లో ఆరబోసిన కాయల ఘాటుకి దగ్గు తెరలు. ఒకరోజు ఆటో చెడిపోయి ఆడవాళ్ళంతా కట్ట మీద కూర్చునున్నారు. నన్నాపారు.

"ఏందమ్మా, రోజూ యాడికి ఉరుకుతన్నావు?"

నేను కాస్త ఉత్సాహంగానే జాస్మిన్ పారిస్ గురించి చెప్పాను. 2019 జనవరిలో ఆమె ఆ 268 మైళ్ళూ 83 గంటల్లో పరిగెత్తి మగవాళ్ళందరికంటే ముందు చేరిందనీ, మధ్యలో ఆగినచోట్ల ఇంట్లో ఉన్న పాప కోసం పాలు పిండిందనీ.

"పచ్చి బాలింతలం మేం పత్తి తియ్యలా? మాకెవరన్నా కప్పులిచ్చారా?" అంది ఒక పెద్దావిడ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఆలస్యంగా. ఇంకొకామె నా బూట్ల ధర అడిగింది. సగం చెప్పాను. ఆ సగానికే ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. పరుగు స్త్రీ స్వేచ్ఛకు ప్రతీక అని నేను రాయబోయిన వ్యాసం ఆరోజు ఆగిపోయింది.

పరుగు ఆగిపోవడానికి కారణం మాత్రం వేరే. ఇద్దరు కుర్రాళ్ళు బైకు మీద నా వెనకే, నా వేగంతోనే, దాదాపు కిలోమీటరు వచ్చారు. ఏమీ అనలేదు. ముట్టుకోలేదు. ఫోనులో వీడియో తీస్తూ వచ్చారంతే. ఆ రోజు ఎవరూ అడగలేదు, ఎవరన్నా తరుముతున్నారా అని. ఇంట్లో చెబితే అమ్మ అంది, "ఆ మేడ మీద నడవరాదూ?" మూడు నెలలు మేడ మీదే నడిచాను. మూలకు వెళ్ళి తిరగడం, మళ్ళీ మూలకు వెళ్ళి తిరగడం.

తర్వాత రాజీ కుదిరింది. తమ్ముడు బైకు మీద వెనక వస్తాడు, నేను ముందు పరిగెత్తుతాను. జెండర్ మీద సెమినార్ పత్రాలు చదివే నేను కాపలాతో పరిగెత్తడానికి ఒప్పుకున్నాను. ఒప్పుకోకపోతే ఆ కట్ట కూడా ఉండదు. వాడు మంచివాడు. వాడి మంచితనం మీద నా పరుగు ఆధారపడి ఉండటమే నాకు పడదు.

మొన్న ఒక ఆదివారం ఫిరంగిపురం మీదుగా కొండవీడు వెళ్ళాం. రెడ్డిరాజుల కోట ఉన్న కొండ. ఇప్పుడు పైదాకా ఘాట్ రోడ్డుంది. సీతాఫలాల కాలం. గంపలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు దిగుతున్నారు, నా బూట్లకంటే నమ్మకంగా వాళ్ళ వట్టి పాదాలు. మలుపుల దగ్గర బైకు నెమ్మదిగా నడపలేక వాడు ముందుకెళ్ళిపోయాడు. రోడ్డు పక్కన పొదల్లోంచి ఒక కాలిబాట పైకి పోతోంది. ఆ ఆడవాళ్ళు దిగివచ్చింది దాన్నుంచే. ఒక్క క్షణం ఆగి అందులోకి తిరిగాను.

రాళ్ళు, ముళ్ళు, సీతాఫలం ఆకుల వాసన. ఊపిరి తప్ప వేరే చప్పుడు లేదు. రెండు చెవులూ పెట్టి విన్నాను. భయం వేసింది. అయినా ఆగలేదు. జేబులో ఫోను మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది. పైన చెరువు నీళ్ళు కనపడ్డాక తీశాను.

"ఎక్కడున్నావక్కా?"

"దారిలోనే ఉన్నాన్రా," అన్నాను.