జాకీ మీద భరోసా

వాన వెలిసిన సాయంత్రం, నల్లరేగడి చేల బాటలో బండి టైరు పంక్చరైంది. అబ్బాజాన్‌ని చూడ్డానికి ఊరికెళ్తున్నాం. కత్తెర జాకీ పెట్టి తిప్పాను. బండి లేవలేదు, జాకీయే బురదలోకి దిగింది. కాస్త లేచిందనుకునేసరికి పక్కకి ఒరిగింది. కిందికి దొర్లిన పానా కోసం సరిగ్గా అప్పుడే నా కొడుకు చెయ్యి పెట్టబోయాడు. "బేటా!" అంటూ వెనక్కి లాగేశాను. బండి ధబ్బున కూలింది. అల్లా కా షుకర్, వాడి చెయ్యి బయటే ఉంది.

మర్నాడు మెకానిక్ ఉస్తాద్ దగ్గర కూర్చున్నా. "జాకీ బండిని లేపడానికే సాబ్, మోయడానికి కాదు" అన్నాడు. బాటిల్ జాకీ తీసుకోమన్నాడు. "బండి వజన్ చూసి కొనండి. టైరు గాలి పోయి బండి దిగినా, పలకతో సహా కింద దూరాలి. కొలిచి మరీ తీసుకోండి."

ఇప్పుడు డిక్కీలో జాకీతో పాటు వెడల్పాటి టేకు పలక, చక్రాలకు అడ్డం పెట్టే చెక్కలు, ఒక స్టాండు ఉన్నాయి. సఫర్‌కి బయల్దేరేముందు అమ్మీ దువా చేస్తుంది. నా కొడుకు మాత్రం, "అబ్బా, పలక పెట్టారా?" అంటాడు.