రేకు బేరము

గృహిణులకు ఇనుపరేకుతో నేమి పని యని సోదరీమణులు కొందఱు నవ్వుకొనవచ్చును. చీరల బేరమో బంగారు బేరమో యైనచో పత్రికలో వ్రాయుట కొప్పును గాని, కారునకు మాటు వేయు రేకును గూర్చి వ్రాయుట యేమని యడుగవచ్చును. రెండేండ్ల క్రిందట మేమును అట్లే యడిగియుందుము. కాని మా తెలియనితనమువలన మాకు కలిగిన నష్టమును, ఆ పిమ్మట నేర్చుకొన్న నాలుగు ముక్కలును మా యింటిలోనే మూసిపెట్టుకొనుట న్యాయముగా తోచలేదు.

మేమనగా ఇద్దఱము తోడికోడండ్రము. మా యూరు ఉద్దానమున వజ్రపుకొత్తూరు వైపు, రాత్రులయందు సముద్రపు హోరు వినవచ్చునంత దూరమున నున్నది. మా మగవారిలో పెద్దవారు సరకుల ఓడలపై పనిచేయుచున్నారు. చిన్నవారు సైన్యములో నున్నారు. మా ప్రాంతమున నిది వింత కాదు. కొబ్బరితోట, జీడితోట, పిల్లల చదువు, అత్తగారి యారోగ్యము, అన్నియు మా యిద్దఱి చేతులమీదనే జరుగవలయును. చిన్నకోడలు కారు నడుపును. పెద్దకోడలు పద్దు వ్రాయును.

కారు మామగారిది. 1986లో కొన్న అంబాసిడరు. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు బండి నమూనాపై హిందూస్థాన్ మోటార్సువారు కలకత్తా చెంత ఉత్తరపాడాలో ఈ బండ్లను చేయుచుండిరి. 2014లో ఆ తయారీ నిలిచిపోయినది. నాటినుండి దీని భాగములు అంగడిలో అడిగినంతనే దొరకుట లేదు. చెడిన చోటు కోసివేసి, రేకుతో మరల పుట్టింపవలసినదే. మామగారున్నంతకాలము బండిని వారే కడిగి, వారే తుడిచి, వారే తిట్టుకొనెడివారు. వారు పోయిన తరువాత అది పందిరి క్రిందనే యుండి, సముద్రపు గాలిని పగలు రాత్రియు పీల్చెను.

అత్తగారికి మూత్రపిండముల వ్యాధి. ఉద్దానమున ఈ మాట చెప్పినచో వినువా రాశ్చర్యపడరు. తమ యింటివారి పేరొకటి చెప్పుదురు. పండితు లెన్నియో యేండ్లుగా నీటిని, మట్టిని పరీక్షించుచున్నను దీని మూలకారణము నిశ్చయముగా తేలలేదు. పూర్వము విశాఖపట్టణము పోవలసి వచ్చెడిది. 2023లో పలాసయందే మూత్రపిండవ్యాధుల ఆసుపత్రి, పరిశోధనకేంద్రము తెఱచినతరువాత మాకు దూరము తగ్గినది గాని ప్రయాణములు తగ్గలేదు. వారమునకు మూడుమార్లు రక్తశుద్ధి చేయింపవలయును. ఆటోలో పోయినచో ఆ కుదుపులకు ఆమె తాళలేదు. మామగారి బండి వెనుకసీటులో పండుకొని పోవుట యలవాటయినది.

ఒక వర్షపు దినమున కాశీబుగ్గ చేరి తలుపు తీయగా, అత్తగారి పాదములు తడిసి, చీర యంచులు బురదలో నానియుండెను. క్రింది రేకు త్రుప్పుపట్టి, చక్రము చిమ్మిన నీరు రంధ్రములగుండా లోనికి వచ్చుచుండెను. ఇట్లెన్నాళ్లనుండి యని యడిగితిమి. "రెండు నెలలై యుండును. మీకు చెప్పినచో ఖర్చు పెట్టుదురు గదా" యని యామె సెలవిచ్చెను.

ఇక మా తెలివి వినుడు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవాఱుజామున తిత్లీ తుపాను మా తీరముననే భూమినెక్కి, తోటల నన్నింటిని నేలగూల్చినప్పుడు, మా పశువులశాల రేకు లెగిరిపోయెను. వానిలో మంచివి నాలుగు గోడకు చేర్చి దాచియుంచితిమి. ఇంటిలో రేకుండగా కొనుట యెందుకని మా కిద్దఱకును తోచినది. పెద్దవారి కోడపైకి ఫోను చేయగా, జింకుపూత గల రేకు మేలే యనియు, ఉప్పునీట ఓడల యడుగున జింకుదిమ్మలు బిగింతురనియు, ఆ జింకు తాను కరగిపోవుచు ఉక్కును కాపాడుననియు చెప్పిరి. వారు చెప్పినదానిలో అబద్ధము లేదు. అది మా పనికి తగునా యన్నదే ప్రశ్న. ఆ ప్రశ్న మేమడుగలేదు, వారును అడుగలేదు.

మా యూరి మేస్త్రీ మొదట సందేహించెను. మేము బలవంతము చేయగా ముడుతలను సుత్తితో సాపుచేసి, గ్యాసు వెల్డింగుతో అతికెను. ఆ సాయంకాలమే అతనికి వడకుచలి, జ్వరము, నోటిలో ఇనుపరుచి. మలేరియా యనుకొని మాత్రలు పంపితిమి. రెండవనాటికి తగ్గినది. జింకు, మన పెద్దలు తుత్తునాగ మనెడిది, ఇనుము కరగుటకు చాల ముందే ఆవిరియై తెల్లని పొగగా లేచునని, ఆ పొగ పీల్చినవారి కిట్టి జ్వరము వచ్చునని మా కప్పుడు తెలియదు. ఎదుటివాని ఊపిరితో మనము చేసిన పొదుపు అది. అతని రెండు దినముల కూలి యిచ్చితిమి గాని, దానితో మా మనస్సు తేలికపడలేదు.

రేకు సంగతి యింతకన్న మేలుగా లేదు. ఇంటికప్పు రేకు సుమారు అరమిల్లీమీటరు మందము, గట్టిది, వంగనిది. అంచు మడిచినచోట వెంట్రుకవంటి పగుళ్లు పడినవి. వెల్డింగు మంటకు అతుకుల వెంబడి జింకు కాలిపోయి, ఏ చోట కాపు వలయునో ఆ చోటనే అది లేకపోయినది. మిగిలిన నున్నని జింకుపై రంగు నిలువక పొరలుగా లేచినది. మరుసటి వర్షాకాలమునకు అతుకుచుట్టు బుడిపెలు. వ్రేలితో నొక్కగా ఎఱ్ఱని పొడి రాలినది.

ఈలోగా రిజిస్ట్రేషను గడువు దగ్గఱకు వచ్చినది. పదునైదేండ్లు దాటిన సొంతబండికి అయిదేండ్ల కొకమారు దానిని పొడిగించుకొనవలయును. అప్పుడు బండిని పరీక్షింతురు. అత్తగారు బండిని తూకమున కమ్మివేయుడనిరి. "ఇంక నేనెన్నాళ్లు తిరుగుదును? నా తరువాత ఈ బండి మీకెందుకు?" అన్న మాటకు మే మిద్దఱము బదులు చెప్పలేదు. మరునాడు ఉదయమున టెక్కలి పోయితిమి.

టెక్కలి నీలిగ్రానైటు రాతికి ప్రసిద్ధి. ఆ యూరి చివర ఒక షెడ్డులో పాతబండ్ల రేకుపని చేయు ముసలి మేస్త్రీ కలడని వినియుంటిమి. ఆయన మా మాటు చూచి నవ్వలేదు, తిట్టలేదు. గుడ్డచుట్టిన అయస్కాంత మొకటి తెచ్చి బండిచుట్టు తిరుగుచు అంటించెను. కొన్నిచోట్ల అది టక్కున పట్టుకొనెను. వెనుక మడ్‌గార్డు మీద జాఱి క్రిందపడెను. "అమ్మా, ఇక్కడ రేకు లేదు. పుట్టీ యున్నది" అనెను. రంగువేసి నిగనిగలాడుచున్న ఆ భాగమును మేము బండిలో నెల్ల బాగున్నదని యనుకొనుచుంటిమి.

"తాతా, ఏ రేకు కొనవలయును?" అని యడిగితిమి. "బండినే యడుగుడు" అని, చెడని చోట రంగు గీకి, మెఱయు ఇనుము తేలినతరువాత కొలతపరికరముతో మందము చూపెను. మా బండిలో దాదాపు ఒక మిల్లీమీటరు వచ్చినది. పాతదాని మందమెంతో క్రొత్తదియు అంతే యుండవలయునట. పలుచనైనచో వెల్డింగుమంటకు చిల్లులు పడును, వంకరపోవును. మిక్కిలి మందమైనచో వంపు తిరుగదు, ప్రక్కనున్న పాతరేకును లాగివేయును. పైగా అంబాసిడరునకు లారీకివలె వేరుగా చట్రము లేదు. కొబ్బరికాయకు పెంకే బలమైనట్లు, దీనికి క్రిందిరేకు, తలుపుల క్రిందనుండు పెట్టెవంటి అడుగుపట్టీలు, ఇవియే బలము. అక్కడ అరమిల్లీమీటరు రేకు వేసి అత్తగారిని కూర్చుండబెట్టితి మన్నమాట తలచుకొనగా మా గుండెలు ఝల్లుమన్నవి.

అంగడివారు మిల్లీమీటరులలో గాక గేజీలలో మాటాడుదురు. ఈ లెక్క మొదట తికమకగా నుండును గాని, పలాస స్త్రీలకు సులభముగా తెలియును. జీడిపప్పులో 180 రకము పెద్దది, 320 రకము చిన్నది గదా. పౌనుకు గింజలెన్ని తూగునో ఆ సంఖ్య. సంఖ్య పెరిగినకొలది పప్పు చిన్నది. గేజీయు నంతే: 18 గేజీ మందము, సుమారు 1.2 మిల్లీమీటరులు, 20 గేజీ 0.9, 22 గేజీ 0.7. క్రిందిరేకునకు ఒక మిల్లీమీటరు, అడుగుపట్టీలకు 18 గేజీ కొనుడని ఆయన చీటి వ్రాసియిచ్చెను.

మందము ఒక్కటి చాలదు, జాతి చూడవలయును. ఎఱ్ఱగా కాగినప్పుడు ఒత్తిన హెచ్.ఆర్. రేకు నల్లని పొలుసుతో నుండును. ఆ పొలుసును తీయక రంగువేసినచో పొలుసుతోపాటు రంగును ఊడును. చల్లార్చినపిదప మరల ఒత్తిన సి.ఆర్. రేకు నున్నగా, బూడిదవన్నెతో, నూనెపూతతో నుండును. కారునకు కావలసినది ఇది. ఇందులోను మెత్తదనమునుబట్టి తరగతులున్నవి. బల్లపరుపు చోటికి సాధారణపుదే చాలును. మడ్‌గార్డు వంటి గుండ్రని వంపునకు డీప్ డ్రాయింగు రకము కావలయును. అది బాగుగా మర్దించిన పిండివలె లాగినకొలది సాగును. అరిసెపాకము ముదిరినచో అంచులు పగులుట మనము చూడలేదా, గట్టిరేకు గతియు నంతే. జింకుపూత రేకు కారులకు పనికిరాదని కాదు. నేటి క్రొత్తబండ్లలో చాలవఱకు అదియే. అయితే కర్మాగారపు యంత్రములు వేఱు, పందిరిక్రింది గ్యాసుమంట వేఱు.

విశాఖ ఉక్కు మనకు ప్రక్కనే యుండగా రేకు చవుకగా రాదా యని యడిగితిమి. విశాఖలో కడ్డీలు, తీగలు, దూలములు చేయుదురు గాని రేకులు చేయరట! మనకు వచ్చు రేకు రూర్కెలా, బొకారో, జంషెడ్‌పూరు వంటి చోట్లనుండి రావలసినదే. అన్నియేండ్లు ఆ పొగగొట్టముల ప్రక్కగా రైలులో పోవుచు ఈ సంగతి మేమెఱుగము.

బేరమునకు మేమే పోయితిమి. అంగడివాడు ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల రేకు తీసి, ఒక మిల్లీమీటరని, రేకొక్కింటికి ఇంతయని ధర చెప్పెను. తాత మాకు నేర్పిన యుపాయమొకటి కలదు: ఆ కొలత గల ఒక మిల్లీమీటరు రేకు 23 కిలోలకు కొంచెము పైగా తూగవలయును. కొలతపరికరము మనకు పట్టుట రాకపోవచ్చును గాని త్రాసు చూచుట రాని గృహిణి యుండునా? తూచుమంటిమి. ఆడవారికి తూకమెందుకని అతడు కొంతసేపు గొణిగెను. తూచగా 19 కిలోలకును తక్కువే వచ్చినది. అది 0.8 మిల్లీమీటరులది. మాటాడక లోనికిపోయి వేఱొకటి తెచ్చెను. అది సరిగా తూగినది. అంచున చిన్న ముక్క కోయించి, వెనుకకు ముందుకు పూర్తిగా మడిచి చూచితిమి, పగులలేదు. నూనె యారి ఎఱ్ఱచుక్కలు పడిన మూల నొకదానిని మాత్రము వదలివేయించితిమి.

పని తొమ్మిదిదినములు పట్టినది. తాత త్రుప్పు కనబడినంతమేర గాక, మెఱయు ఇనుము దొరకువఱకు కోసివేసెను. కోసినకొలది రంధ్రము పెద్దదగుచుండగా మాకు కన్నీరు వచ్చినంత పనియైనది. వెల్డింగు ఒకేవరుసగా లాగక, ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క పెట్టి, చల్లారనిచ్చి మరల పెట్టెను. అడుగుపట్టీల లోపల ప్రైమరు, దానిపై మైనపునూనె పోసి, నీరుపోవు చిన్నరంధ్రములను పుల్లతో తెఱచి చూపెను. మూలకారణము కూడ బయటపడెను: రబ్బరుచాప క్రింది గోనెపట్ట. మా కాళ్లతో వచ్చిన ఉప్పిసుకను, తడిని అది యేండ్లతరబడి పట్టియుంచినది. డిక్కీలోని త్రుప్పు మాత్రము మా ఆడపడుచు పెండ్లినాడు పగిలిన ఆవకాయజాడీవలననని మాలో మాకు తెలియును, తాతతో చెప్పలేదు.

ఖర్చు మేమనుకొన్నదానికి ఒకటిన్నర రెట్లయినది. జీడిపిక్కల సొమ్ములో కొంత అటు పోయినది. బండి పరీక్ష నెగ్గినది.

మొదటి పెద్దవాన వచ్చిన దినమున అత్తగారి పాదములక్రింద వార్తాపత్రిక యొకటి పఱచి బయలుదేరితిమి. దారిపొడవున నీళ్లు నిలిచియున్నవి. చిన్నకోడలు కావలెననియే రెండు గుంటలలోనుండి నడిపినది. కాశీబుగ్గలో తలుపు తీసి పత్రిక తీసి చూచితిమి. పొడిగా నున్నది. అత్తగారు దానిని మా చేతిలోనుండి తీసుకొని, నాలుగు మడతలు పెట్టి, "పడవేయకుడు. ఎల్లుండి మరల రావలయును గదా" యని తన సంచిలో నుంచుకొనెను.