మార్గంలో అవధానం

శ్రీ గురుభ్యో నమః.

రథసప్తమి గడిచిన తరువాతి ఆదివారం ఉషఃకాలంలో విశాఖ నుండి బయలుదేరి, జాతీయ రహదారిపై శ్రీకాకుళం దిశగా సాగి, రాత్రి కాకముందే నగరం చేరవలసిన 200 కిలోమీటర్ల సైకిల్ యాత్రలో ఈ దాసుడు పాల్గొనబోతున్నాడు. ద్వారకా నగర్‌లో నిత్యార్చన చేసుకునే అర్చకునికి, యాభై నాలుగేళ్ల ప్రాయంలో, ఈ యాత్రతో పని ఏమిటని మీలో కొందరు ఆలయంలోనే అడుగుతున్నారు. సమాధానం చెప్పవలసిన బాధ్యత నాది. ఆ సమాధానంలో నా దోషం ఒకటి ఉన్నది. దానిని దాచకుండా విన్నవించుకోవడమే ఈ వ్యాసప్రయోజనం.

మొదటి కారణం మధుమేహం. పీటపై కూర్చుని, ప్రసాదం స్వీకరించి గడిపిన మూడు దశాబ్దాల ఫలితమది. దేహానికి శ్రమ కావాలని వైద్యుడు హెచ్చరించాడు. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేసే నా మేనల్లుడు, "మావయ్యా, నడక మీరు నాలుగు రోజుల్లో మానేస్తారు. మాతో సైకిల్ మీద రండి, పదిమందితో కలిస్తే మానలేరు" అన్నాడు. పంచె గొలుసులో చిక్కుకుంటుంది కనుక వేషం మార్చవలసివచ్చింది. శిరస్త్రాణం క్రింద శిఖ ఎక్కడ ముడివేయాలన్నది తరువాతి ధర్మసందేహం. మెడ దగ్గరకు దించి ముడివేస్తే సరిపోయింది. నన్ను ఆ వేషంలో చూచి నవ్వినవారిలో నా సహధర్మచారిణి ప్రథమురాలు.

ఇటువంటి యాత్రను బ్రెవే అంటారు. దీని మూలాలు ఫ్రాన్సు దేశంలో ఉన్నాయి. 1891లో పారిస్ నుండి బ్రెస్ట్ వరకు వెళ్లి తిరిగివచ్చే సుమారు 1,200 కిలోమీటర్ల సైకిల్ పందెం జరిగింది. కాలక్రమంలో అది పందెం స్వభావం విడిచి, 90 గంటల గడువులో పూర్తి చేసే యాత్రగా పరిణమించింది. నేడు నాలుగేళ్లకొకసారి జరుగుతున్నది. దానిని నిర్వహించే ఆడాక్స్ క్లబ్ పారిసియన్ 1904లో ఏర్పడింది. మన దేశంలో ఇదే నియమావళిని అనుసరించి 200, 300, 400, 600 కిలోమీటర్ల యాత్రలు జరుగుతున్నాయి. 200 కిలోమీటర్లకు గడువు 13 గంటల 30 నిమిషాలు. మార్గమధ్యంలో నియత స్థానాల వద్ద యాత్రికుడు తాను వచ్చినట్లు నమోదు చేయించుకోవాలి. ప్రథముడు, ద్వితీయుడు అనే గణన లేదు. ఆషాఢంలో సింహాచల గిరిప్రదక్షిణకు 32 కిలోమీటర్లు నడిచినవారిని ఎవరు ముందు వచ్చారని మనం అడుగుతామా? ఈ సామ్యమే నాకు ఆ యాత్రపై ప్రీతి కలిగించింది.

భాద్రపదంలో సాగరతీర మార్గాన ఋషికొండ వరకు, ఆశ్వయుజంలో భీమునిపట్నం వరకు వెళ్లి వచ్చేవారం. కార్తికంలో ఆనందపురం మీదుగా తగరపువలస చేరి, గోస్తనీ వంతెన దాటి భోగాపురం వైపు సాగాము. ఉపవాసానికి అలవాటుపడిన దేహమని మొదట గర్వించాను. దీర్ఘమార్గంలో ఆకలి వేయకముందే తినాలని, దాహం వేయకముందే త్రాగాలని, స్వేదంతో పోయే లవణాన్ని నీటితో పాటు తిరిగి అందించాలని అనుభవమే నేర్పింది. బయటి భోజనం నాకు ఆచారవిరుద్ధం కనుక, వైద్యుని అనుమతితో అటుకులు, అరటిపండ్లు, ఉప్పు కలిపిన నిమ్మరసం వెంట తీసుకుపోతాను.

సామూహిక గమనానికి శిక్షణ వేరు. అందరూ ఎడమ అంచున ఒకే పంక్తిలో సాగాలి. ముందువాని చక్రం ప్రక్కకు మన చక్రం చొరబడరాదు. ముందున్నవాడు గాలిని చీల్చుకుపోతాడు కనుక వెనుకవానికి శ్రమ తగ్గుతుంది. అయితే ముందువాని దేహం అడ్డుగా ఉండడం వల్ల మార్గం కనబడదు. అందుచేత గుంత కనబడితే చేతితో చూపాలి. వెనుకవాడు తన వెనుకవానికి చూపాలి. ఆ సంజ్ఞ పంక్తి చివరివరకు చేరాలి.

ఇది నాకు కొత్త విద్య అనిపించలేదు. పాఠశాలలో గురువుగారు సంథ చెప్పేటప్పుడు మేము కలిసి స్వరం ఎత్తి, కలిసి విరామం ఇచ్చేవాళ్లం. పాణినీయ శిక్ష అధమ పాఠకులను ఆరుగురిగా చెప్పింది. వారిలో త్వరపడి చదివే శీఘ్రి ఒకడు, తల ఊపుతూ చదివే శిరఃకంపి మరొకడు. సైకిల్ పంక్తిలోనూ ఈ ఇద్దరే ప్రమాదకరులు. త్వరపడేవాడు పంక్తిని తెంచుతాడు, తల త్రిప్పేవాడు చక్రాన్ని వంకర పోనిస్తాడు. ఈ ఉపమానం చెప్పి తోటివారిని మెప్పించాను. ఆ మెప్పు పది రోజులైనా నిలువలేదు.

కార్తికంలో ఒక ఆదివారం, ఆనందపురం దాటిన తరువాత, పంక్తిలో నేను మూడవవాడిని. నా వెనుక మా ఆలయానికి నిత్యం వచ్చే ఒక తల్లి కుమారుడు. నేను మనస్సులో జపం చేసుకుంటున్నాను. చక్రం తిరుగుతూనే సంఖ్య పూర్తి కాబోతున్నదని సంతోషపడుతున్నాను. ముందువాడు చేయి చూపాడు. గుంత చూచి తప్పుకున్నాను. నా చేయి మాత్రం లేవలేదు. వెనుక లోహం నేలకు ఒరిగిన శబ్దం వినబడింది. తిరిగి చూచేసరికి ఆ బాలుడు రోడ్డుపై ఉన్నాడు. వెనుకనుండి వస్తున్న లారీ డ్రైవరు సకాలంలో బ్రేకు వేశాడు. ఆ పుణ్యాత్ముని ముఖం కూడా నేను సరిగా చూడలేదు.

మణికట్టు ఎముక విరిగింది. కట్టు కట్టించుకుని కూర్చున్న ఆ బాలుడు కోపం లేకుండానే అడిగాడు: "పంతులు గారూ, గుంత మీకు కనబడలేదా?"

"కనబడింది నాయనా. నీకు చూపలేదు" అన్నాను.

మరునాడు ఆ తల్లి యథావిధిగా ఆలయానికి వచ్చి, తీర్థానికి చేయి చాచింది. ఒక్క మాట అనలేదు. నా చేతిలో ఉద్ధరిణి వణికింది. ఆమె నన్ను క్షమించిందో లేదో నేటికీ నేను అడగలేదు. అడిగి ఆమెచేత క్షమించానని అనిపించుకోవడం నా సుఖం కోసమే అవుతుంది.

వేదం చదివినవారిని మన తెలుగునాట అవధానులు అంటారు. అవధానం అంటే మనస్సును నిలిపి ఉంచడం. ఆ పేరుతో నలుగురు పిలిచే నేను మార్గంలో అవధానం తప్పాను. జపం దోషం కాదు. దానికి దేశకాలాలు ఉన్నాయి. కఠోపనిషత్తు దేహాన్ని రథమని, బుద్ధిని సారథియని, ఇంద్రియాలను అశ్వాలని చెప్పింది. దానిని అనేక పర్యాయాలు ప్రవచించాను. నా రథం, నా సారథి అన్నంతవరకే నా దృష్టి సాగింది. నా రథం వెనుక మరొక రథం ఉన్నదని, దాని సారథికి నా చేయే నేత్రమని ఆ గుంత వద్ద తెలిసింది. అటువంటి చోట జపసంఖ్య కోసం మనస్సును లోపలికి లాగుకోవడం భక్తి అనిపించుకోదు, అది సూక్ష్మమైన స్వార్థం.

యాత్ర విరమించుకోవాలనుకున్నాను. "మీరు మానితే నా చేయి తొందరగా అతుక్కుంటుందా?" అని ఆ బాలుడే నిలదీశాడు. కట్టు విప్పారు గాని, దీర్ఘయాత్రకు వైద్యుడు ఇంకా అనుమతించలేదు. ఈసారి అతని స్థానం ఖాళీ.

ఇప్పుడు నా సన్నాహం ఇది. ఆనాటి అర్చన మా తమ్ముడు నిర్వహిస్తాడు. సూర్యోదయవేళ పంక్తి నుండి సంజ్ఞ చేసి తప్పుకుని, రహదారికి దూరంగా నిలిచి అర్ఘ్యం ఇస్తాను. జపం ఆగినచోటనే. దీపాలు ముందూ వెనుకా పరీక్షించాను, కాంతిని ప్రతిఫలించే అంగీ సిద్ధం చేశాను, చక్రపు గొట్టం మార్చడం మేనల్లుని వద్ద నేర్చుకున్నాను. చక్రం కదిలినంతసేపూ మార్గమే నాకు మంత్రం.

నాలుగు గంటలకు ఆలయానికి సైకిల్‌పై బయలుదేరినప్పుడు ద్వారకా నగర్ వీధులు నిర్మానుష్యంగా ఉంటాయి. మా మలుపు వద్ద ఒక గుంత ఉన్నది. వెనుక ఎవరూ లేకపోయినా ప్రతిదినం దానికి చేయి చూపి ముందుకు సాగుతున్నాను. మీ మీ మార్గాలలో మీ వెనుక ఎవరు వస్తున్నారో ఒకసారి స్మరించండి. వారికి చూపవలసినది చూపండి.

స్వస్తి.