నల్ల తెర మీద మా అక్షరాలు

కంప్యూటర్ లేకుండా కంప్యూటర్ కోర్సు చదవడమంటే గట్టు మీద కూర్చుని ఈత నేర్చుకోవడమే. మన హాస్టల్ నుంచి బీఎస్సీ కంప్యూటర్స్ చదివిన వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. కాలేజీ ల్యాబ్ వారానికి రెండుసార్లు. ఒక్కో సిస్టమ్ దగ్గర ముగ్గురం. కీబోర్డు మన చేతికి వచ్చేసరికి బెల్లు కొడతారు. సాయంత్రం హాస్టల్‌కి వచ్చి స్టడీ అవర్లో ప్రోగ్రామును నోటుబుక్కులో పెన్నుతో రాసుకుని, అది నడుస్తుందని నమ్ముకోవాలి. కూలికి వెళ్లే అమ్మానాన్నల్ని నలభై వేలు పెట్టి లాప్‌టాప్ కొనిపెట్టమని ఏ నోటితో అడుగుతాం?

మా గదిలో మేం ముగ్గురం. మొదటి సంవత్సరం చివర్లో మాలో ఒకడు కోర్సు మారిపోతానన్నాడు. "ఇది లాప్‌టాప్ ఉన్నోళ్ల చదువురా, మనది కాదు" అన్నాడు. మిగతా ఇద్దరం వద్దన్నామే గానీ, వాడి మాటకి మా దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు పోయిన వార్షికోత్సవం నాడు మన హాస్టల్‌కే వచ్చింది. ఆ రోజు వచ్చిన పూర్వ విద్యార్థి అన్న ఒకరు తాము వాడి పక్కన పెట్టిన రెండు టాబ్లెట్లను వార్డెన్ గారికి ఇచ్చి, పిల్లలు పాఠాలు చూసుకుంటారని చెప్పి వెళ్లారు. కొన్నాళ్లు పాఠాలు చూశాం, సినిమాలూ చూశాం. తర్వాత ఎంసీఏ చదివే మా సీనియర్ అన్న ఒక రాత్రి దానిలో టెర్మక్స్ అనే యాప్ వేసి మా ముందు పెట్టాడు. తెరిస్తే బొమ్మల్లేవు, బటన్లు లేవు. నల్లటి తెర, ఒక డాలరు గుర్తు, పక్కన మిణుకుమనే చిన్న గడి. అంతే. "ఇదే కంప్యూటర్. ఇక నువ్వు చెప్పు, అది చేస్తుంది" అన్నాడు.

అన్న చెప్పింది నిజమేనని మెల్లగా తెలిసింది. ఆండ్రాయిడ్ టాబ్లెట్ లోపల ఉండేది లినక్స్ కెర్నలే. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని మొదలుపెట్టినప్పుడు ఆయన వయసు 21 ఏళ్లు. అంటే మనలాంటి ఒక విద్యార్థి మొదలుపెట్టిన పని మన చేతిలోని టాబ్లెట్‌ను నడుపుతోంది! మనం రోజూ వేలితో నొక్కేది దాని పైపొర మాత్రమే. టెర్మక్స్ ఆ లోపలి కంప్యూటర్‌తో మాటలతో పని చేయించుకునే వీలు కల్పిస్తుంది. దీనికోసం టాబ్లెట్‌ను రూట్ చెయ్యనక్కర్లేదు. సీ భాషకు క్లాంగ్ అనే కంపైలరు, పైథాన్, నానో అనే ఎడిటరు ఒక్కో ఆజ్ఞతో దిగుతాయి. దిగేటప్పుడు డేటా బాగానే ఖర్చవుతుంది. మేం ముగ్గురం మా ముగ్గురి ఫోన్ల హాట్‌స్పాట్‌లూ వంతులేసుకుని దింపాం. ఒకసారి దిగాక నెట్ లేకపోయినా పనిచేస్తాయి.

మొదట్లో ఆజ్ఞలు మాకు వింతగా ఉండేవి. ఫైళ్ల పట్టిక చూపించమనడానికి 'ఎల్‌ఎస్', కాపీకి 'సీపీ', చోటు మార్చడానికి 'ఎంవీ'. ఇంత పొట్టి పేర్లేమిటని అడిగితే అన్న యూనిక్స్ చరిత్ర చెప్పాడు. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ దాన్ని మొదలుపెట్టిన రోజుల్లో ఇప్పటిలాంటి తెరలు వాళ్ల ముందు లేవు. టెలిటైప్ అనే యంత్రం మీద టైపు చేస్తే జవాబు కాగితం మీద అచ్చయ్యేది. అది నిదానపు యంత్రం. అందుకే మాటలు పొట్టివి, జవాబులూ పొట్టివే. పని సవ్యంగా జరిగితే చాలా ఆజ్ఞలు ఏమీ అనవు, ఊరకే డాలరు గుర్తు మళ్లీ వస్తుంది. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా, ఇక్కడ మౌనం పూర్తి అంగీకారం. తిట్టలేదంటే పని అయినట్టే.

తిట్లు మాత్రం మొదటి రోజే తిన్నాం. మా నోట్సులోని సీ ప్రోగ్రాములన్నీ టర్బో సీ పద్ధతిలో రాసినవి. టర్బో సీ 1987లో డాస్ కంప్యూటర్ల కోసం వచ్చింది. ఆ పద్ధతిలో మొదట 'కోనియో' ఫైలును చేర్చి, 'క్లియర్‌స్క్రీన్'తో మొదలెట్టి 'గెట్‌చ్'తో ముగిస్తాం. క్లాంగ్ ఆ ఫైలే లేదంది. ఎందుకంటే అది సీ భాష ప్రమాణంలో భాగం కాదు. ఆ మూడు వరుసలూ తీసేస్తే ప్రోగ్రాము చక్కగా నడిచింది. ఏడాదిపాటు మంత్రంలా బట్టీ పట్టిన వరుసల్లో ఏది భాషో, ఏది ఆ పాత సాఫ్ట్‌వేరు అలవాటో ఆ రాత్రి తెలిసింది. ల్యాబ్‌లో ఎవరూ చెప్పని పాఠం అది.

తెర మీది కీబోర్డుతో కష్టమే. సగం తెర అదే తినేస్తుంది. టెర్మక్స్‌లో వాల్యూమ్ తగ్గించే బటన్‌ను కంట్రోల్ మీటగా వాడుకోవచ్చు. ఆగకుండా తిరిగే ప్రోగ్రామును ఆపడానికి ఆ బటన్ పట్టుకుని 'సి' నొక్కితే చాలు. తర్వాత పాత సామాన్ల కొట్టులో యూఎస్‌బీ కీబోర్డు ఒకటి దొరికింది. దానికి ఓటీజీ కేబుల్ కలిపాం. ట్రంకు పెట్టె మీద కీబోర్డు, గోడకానించి టాబ్లెట్. మా ఏడో నంబరు గదికి కంప్యూటర్ ల్యాబ్ వచ్చేసింది.

తెలుగు సంగతీ చెప్పాలి. ఈ తెర ఒక్కో అక్షరానికి సమానమైన గడి కేటాయిస్తుంది. మన ఒత్తులూ గుణింతాలూ ఆ గడుల్లో ఒదగవు, పక్కకి జరిగిపోతాయి. ఫైలులో మాత్రం భద్రంగానే ఉంటాయి, వేరే యాప్‌లో తెరిస్తే సరిగ్గా కనబడతాయి. ఒకసారి పైథాన్‌ను 'అమ్మ'లో ఎన్ని అక్షరాలని అడిగాం. నాలుగంది! మనకి రెండే కదా. విడదీసి చూస్తే అ, మ, పొల్లు, మళ్లీ మ. యూనికోడ్ మన 'మ్మ'ను ఇలా మూడు ముక్కలుగా దాచుకుంటుంది. చిన్నప్పుడు పలక మీద దిద్దిన అమ్మను ఇలా విప్పి చూసినప్పుడు మాకు కలిగిన సంతోషం చెప్పలేం.

నేర్చుకున్నది హాస్టల్‌కి ఎలా పనికొచ్చిందో మీ అందరికీ తెలుసు. మన మెస్‌లో నెలాఖరున ఖర్చును తిన్న రోజుల లెక్కన పంచుకుంటాం. 62 మంది హాజరు రిజిస్టర్ చూసి చేత్తో లెక్కేస్తే ఒకసారికీ ఒకసారికీ కుదిరేది కాదు. నెలనెలా గొడవే. మేం రోజూ రాత్రి భోజనాలయ్యాక ఆ రోజు తిన్నవాళ్ల నంబర్లను వరుసకొకటి చొప్పున ఒక ఫైలులో ఎక్కించాం. నెలాఖరుకి దానిలో 1,704 వరుసలు. 'సార్ట్' అనే ఆజ్ఞ ఒకే నంబరున్న వరుసల్ని ఒకచోట చేరుస్తుంది. 'యూనిక్' ఒకేలాంటివి ఎన్నున్నాయో లెక్కపెడుతుంది. అయితే యూనిక్ పక్కపక్కన ఉన్నవాటినే పోలుస్తుంది, కాబట్టి ముందు సార్ట్ చెయ్యాల్సిందే. ఒకదాని ఫలితాన్ని రెండోదానికి అందించేది పైప్ అనే నిలువు గీత. డగ్లస్ మెక్‌ల్రాయ్ ఆలోచన అది, 1973లో యూనిక్స్‌లో చేరింది. మన వంటింట్లో ఒకరు బియ్యం కడిగిస్తే ఇంకొకరు పొయ్యి మీద పెట్టినట్టే. ఎవరి పని వాళ్లది, అన్నం అందరిదీ.

రెప్పపాటులో 62 నంబర్లు, ఎదురుగా ఎవరెవరు ఎన్ని రోజులు తిన్నారో వచ్చేశాయి. నాట్ల సమయంలో ఇంటికెళ్లి 11 రోజులు పనిచేసొచ్చిన తమ్ముడికి 19 రోజుల డబ్బే పడింది. లెక్కను నోటీసు బోర్డులో పెట్టాం, రిజిస్టర్ పక్కనే ఉంచాం. ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఆ నెల గొడవ జరగలేదు. ఈ లెక్క వేసే పైథాన్ ప్రోగ్రామును రాసింది ఎవరో కాదు, కోర్సు మారిపోతానన్న మా వాడే. సెమిస్టర్ ప్రాక్టికల్స్‌లో వాడు ఎవరి వంతు కోసమూ చూడలేదు, ప్రోగ్రాము చేత్తో కాకుండా కీబోర్డుతో ఆలోచించి రాశాడు.

తమ్ముళ్లకు రెండు జాగ్రత్తలు. 'ఆర్‌ఎం' అనే ఆజ్ఞతో తుడిచేసినది మళ్లీ రాదు, చెత్తబుట్ట సౌకర్యం లేదు. అర్థం కాని ఆజ్ఞను ఎక్కడో చూసి అలాగే కొట్టకండి. ఇక టెర్మక్స్ అనగానే హ్యాకింగ్ అని వీడియోలు చూపిస్తారు. ఇతరుల ఫోన్లు, ఖాతాల జోలికి అనుమతి లేకుండా వెళ్తే 2000 నాటి ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. మనం నేర్చుకునేది మన బతుకు బాగుపడటానికి.

నేర్చుకోవాలనుకునేవాళ్లు రాత్రి తొమ్మిది తర్వాత ఏడో నంబరు గదికి రండి. ఇంటర్ చదివేవాళ్లైనా, ఆర్ట్స్ వాళ్లైనా సరే. టెర్మక్స్‌ను ఎఫ్-డ్రాయిడ్ నుంచి దింపుకునే దగ్గర్నుంచి మొదటి ప్రోగ్రాము దాకా పక్కన కూర్చుని చెబుతాం. ఆంగ్లం రాదని వెనకాడకండి. ఆజ్ఞలన్నీ కలిపి ఇరవై మాటలొస్తే మొదలెట్టవచ్చు.

పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక విన్నపం. మీ ఇళ్లలో బీరువా మూల పడున్న టాబ్లెట్, అక్షరాలు అరిగిన కీబోర్డు, పనిచేసే చార్జరు ఏదైనా ఉంటే ఈ వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు సంచిలో వేసుకురండి. మీకది పాత సామాను. ఇక్కడ "ఈ చదువు మనది కాదు" అనుకుంటున్న ఒక తమ్ముడికి అదే జవాబు.