మూడు టెస్టులు, రెండు గ్లాసులు (11వ భాగం)

మిత్రులారా, ఈ వారం హాస్టల్ మెస్ కథ మిగతాది రాస్తానన్నాను. అది వచ్చే వారం. మొన్న మీటింగ్ అయిపోయాక ఒక తమ్ముడు నన్ను పక్కకు తీసుకుపోయి, "అన్నా, నాకు హెచ్ఐవీ వచ్చిందేమో" అని ఏడ్చాడు. ఏం జరిగిందిరా అంటే, ముద్దు. అంతే. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే అదే ఏడుపు నేనూ ఏడ్చాను, పీహెచ్‌డీలో ఉన్నప్పుడు, హైదరాబాద్‌లో.

ఆమె పేరు చెప్పను. ఇద్దరం ఒకే సంఘంలో పనిచేసేవాళ్లం. ఒక రాత్రి దగ్గరయ్యాం. ముద్దులు, చేతులు. అంతకు మించి పోలేదు. రెండు రోజులు గాల్లో తేలినట్టే ఉంది నాకు.

మూడో రోజు చాయ్ బండి దగ్గర వాళ్లమ్మ గురించి చెప్పింది. చిన్నప్పుడే ఆమెను ఎల్లమ్మ పేరు మీద జోగినిని చేశారట. నన్ను నమ్మి చెప్పింది. జోగినిని చేయడం నేరమని 1988లోనే చట్టం వచ్చిందని, జోగినుల్లో ఎక్కువ మంది మన మాల, మాదిగ ఆడబిడ్డలేనని నేను ఎన్నో సభల్లో మాట్లాడినవాణ్ని. ఆమె మాట పూర్తిచేసి, తాను తాగిన నీళ్ల బాటిల్ నాకు ఇచ్చింది. తీసుకున్నాను. తాగలేదు. పక్కన పెట్టేశాను.

ఆ రాత్రే మొదలైంది భయం.

రోజుకు పదిసార్లు జ్వరం చూసుకునేవాణ్ని. దవడ కింద గడ్డలున్నాయేమోనని నొక్కి నొక్కి అక్కడ నిజంగానే నొప్పి పుట్టింది. బాత్రూం అద్దంలో నాలుక చూసుకోవడం, తెల్లారుజాము మూడింటి దాకా ఫోన్‌లో లక్షణాలు వెతకడం. ఆమె ఫోన్ చేస్తే ఎత్తలేదు. ప్రైవేటు ల్యాబులో తప్పుడు పేరుతో టెస్టు చేయించుకున్నాను. నెగటివ్. ఒక్క పూట నిమ్మళం. సాయంత్రానికి 'విండో పీరియడ్' అనే మాట దొరికింది, మళ్లీ మొదలు. ఇంకో ల్యాబు. నెగటివ్. వాళ్లు శాంపిల్ మార్చేశారేమో అనుకున్నాను.

మూడోసారి సర్కారు దవాఖానలోని ఐసీటీసీకి పోయాను. అక్కడ టెస్టు ఉచితం. టెస్టుకు ముందు కౌన్సెలర్ కూర్చోబెట్టి మాట్లాడుతుంది. మా అక్క వయసుంటుంది. ఏం జరిగిందో సిగ్గుపడకుండా చెప్పమంది. చెప్పాను.

"తమ్ముడూ, ఇందులో హెచ్ఐవీ రాదు. అది రక్తం, వీర్యం, యోని ద్రవాలు, తల్లిపాలు, ఇట్లాంటి వాటి ద్వారా వస్తది. ఉమ్ముతో రాదు, చెమటతో రాదు, ముట్టుకుంటే రాదు. నీకు టెస్టే అక్కర్లేదు."

"అట్ల కాదక్కా. వాళ్లమ్మ జోగిని."

ఆమె పెన్ను కింద పెట్టింది. "వాళ్లమ్మ జోగిని అయితే ఈ పిల్ల ముద్దులోకి వైరస్ ఎట్లొస్తది?"

నా దగ్గర జవాబు లేదు.

ఇంటికొచ్చి తేదీలు లెక్కపెట్టుకున్నాను. ముద్దు పెట్టుకున్నది సోమవారం. భయం పుట్టింది గురువారం. ఆ మధ్యలో నా ఒంట్లో ఏమీ మారలేదు. ఆమె ఎవరి బిడ్డో తెలిసింది, అంతే. నేను భయపడింది వైరస్‌కు కాదు, మైలకు. మన తాతలను బావి దగ్గరికి రానివ్వని మైల అది. అంబేద్కర్ ఫొటో కింద కూర్చుని నేను అదే పాటించాను.

మన దేశంలో హెచ్ఐవీ మొదట బయటపడింది 1986లో, మద్రాసులో, సెక్స్ వర్కర్ల రక్తంలో. అప్పటినుంచి ఆ జబ్బు పేరు ఎత్తితే ఆ ఆడవాళ్లే గుర్తొస్తారు. వాళ్ల దగ్గరికి పోయిన మగవాళ్ల మీద ఆ ముద్ర పడలేదు. నా భయం కూడా అక్కడినుంచే వచ్చింది.

భయం ఒక్క రోజులో పోలేదు. ఒక సైకాలజిస్టు దగ్గరికి పోయాను. టెస్టు చేయించుకున్న కొద్దీ ఈ భయం బలుస్తుందని ఆయన చెప్పాడు. వెతకడం, నొక్కి చూసుకోవడం మానేస్తే మెల్లగా తగ్గింది.

ఆమెను కలిసి అంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అంది: "నువ్వు బాటిల్ పక్కన పెట్టినప్పుడే అర్థమైంది. మా ఊళ్లో హోటల్లో మాకు గ్లాసులు వేరే ఉండేవి. మీ ఊళ్లో లేవా?"

ఉండేవి. మా నాయన ఆ గ్లాసులోనే చాయ్ తాగాడు.

మేం మళ్లీ దగ్గర కాలేదు. ఇది రాయడానికి ఆమెను అడిగాను. "మా అమ్మ మీద జాలి చూపించకుండా రాయి" అంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కండోమ్ లేకుండా సెక్స్ జరిగినా, కండోమ్ చిరిగినా అది నిజమైన ప్రమాదం. 72 గంటల్లోపు దవాఖానకు పోతే 28 రోజుల మందులిస్తారు. ఎంత తొందరగా పోతే అంత మంచిది. వేలి రక్తంతో చేసే టెస్టు 90 రోజులకు నెగటివ్ వస్తే నమ్మండి. 1097కు ఫోన్ చేస్తే డబ్బులు పడవు. పాజిటివ్ వచ్చినా అది మైల కాదు. మందులు సరిగ్గా వాడి, వైరస్ టెస్టులో కనపడనంతగా తగ్గి అట్లాగే ఉంటే, సెక్స్ ద్వారా ఇంకొకరికి అంటదు. వాళ్లమీద వివక్ష చూపడం 2017 చట్టం ప్రకారం తప్పు.

ముద్దుకే భయమేస్తుంటే మాత్రం, ఆ భయం ఏ రోజు మొదలైందో, ఆ రోజు మీకు ఏం తెలిసిందో చూసుకోండి.

జై భీమ్.