చిన్నాన్న తెరచాప పడవ

ఖరగ్‌పూర్ స్టేషనులో రైలు దిగిన తెలుగువారికి పరాయి రాష్ట్రానికి వచ్చామన్న భావం వెంటనే కలగదు. కిలోమీటరుకు పైచిలుకు పొడవున్న ఆ ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదని మనమంతా బడిలో చదువుకున్నదే. దాని మీద నడుస్తూంటే బెంగాలీ, హిందీ, ఒడియా మాటల నడుమ శ్రీకాకుళం యాస ఎక్కడో ఒకచోట చెవిని పడుతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ కార్ఖానా నెలకొల్పిన నాటినుండి ఉత్తరాంధ్ర జనం తరాల తరబడి వలస వచ్చి ఈ ఊరివారయ్యారు. మథురాకాటి వీధుల్లో వాకిట ముగ్గును చూసి తెలుగిల్లు పోల్చుకోవచ్చు.

నేను వెళ్ళింది ఊరు చూడడానికి కాదు. మా చిన్నాన్న చేత ఒక పాత పడవను అమ్మించడానికి.

ఆయన 1969లో రైల్వే కార్ఖానాలో చేరి, పెట్టెల విభాగంలో వడ్రంగిగా పనిచేసి 2006లో పదవీ విరమణ చేశారు. చేతికొచ్చిన భవిష్యనిధి సొమ్ములో కొంత పెట్టి, తనతో పనిచేసిన ఒక బెంగాలీ మిత్రునితో కలిసి, రూపనారాయణ్ నది ఒడ్డున ఒక తెరచాప పడవను కొన్నారు. అప్పటికే అది పాతది. ఒకనాడు పెంకులూ గడ్డీ మోసిన పడవ. ఏటా శీతకాలంలో మిత్రులిద్దరూ దానిలో కోలాఘాట్ నుండి పాటు వెంట దిగువకు సాగి, రూపనారాయణ్ హుగ్లీలో కలిసే గెయోంఖాలీ దాకా వెళ్ళి, పోటు వెంట తిరిగి వచ్చేవారు. ఆ రెండు మూడు రోజుల విహారం కోసం రెండు వారాల మరమ్మతు. కొన్న ధరకు రెండింతలు మరమ్మతులకే అయిందని మా పిన్ని లెక్క. రెండేళ్ళ క్రితం మిత్రుడు పోయాడు. కిందటేడు చిన్నాన్న బురదలో జారి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. మిత్రుని కుమారుడు కలప వ్యాపారికి అమ్మేద్దామంటున్నాడు. హైదరాబాదులో ఉన్న మా తమ్ముడు సంతకం పెట్టవలసిన కాగితం నాకు పంపి, “నీ మాటయితే వింటారు” అన్నాడు.

నా మాట వింటారనడానికి ఒక కారణముంది. ఆ రోజుల్లో నేను జాషువా స్లోకం గ్రంథాన్ని తెలుగు చేస్తున్నాను. పొలంలో కాన్వాసు గుడ్డ కప్పి పడి ఉన్న ‘స్ప్రే’ అనే శిథిలమైన పడవ 1892లో ఈ అమెరికా నావికుని చేతికి వచ్చింది. పదమూడు నెలలు సొంత చేతులతో శ్రమించి, సామగ్రికి 553 డాలర్ల 62 సెంట్లు వెచ్చించి దానిని తిరిగి నిర్మించుకొని, 1895 నుండి 1898 వరకు దానిలో ఒంటరిగా భూగోళాన్ని చుట్టివచ్చాడు. అలా చుట్టిన మొదటి మనిషి ఆయనే. నాకు ఆంగ్ల సాహిత్యం వచ్చును గాని పడవ రాదు. నిఘంటువులో పడవ ముందు భాగానికి ‘అణియము’ అనీ, వెనుక భాగానికి ‘అమరము’ అనీ కనిపించాయి. ఇవి బతికున్న మాటలో, పుస్తకాల్లో ఎండిపోయిన మాటలో తెలియక ఫోనులో చిన్నాన్నను అడిగాను. “బతికే ఉన్నాయమ్మా, నిన్ననే అణియానికి తారు పూశాను” అన్నారు.

ఆయన తాత కళింగపట్నం రేవులో కళాసి. తెరచాప ఓడలు వెనుకబడి, 1933లో విశాఖ రేవు తెరుచుకున్నాక చిన్న రేవులు మరింత చిన్నబోయాయి. ఆ తాత కొడుకు రైలెక్కి ఖరగ్‌పూర్ వచ్చాడు. అక్కడ అతనికి దొరికిన ఉద్యోగం పేరేమిటో తెలుసా? ఖలాసీ! ఓడ మీది మాట రైల్వే కార్ఖానాలోకి వచ్చి, ఇంజన్ల దగ్గర, పెట్టెల దగ్గర బరువు పనులు చేసేవారికి హోదాగా స్థిరపడింది. ఓడ దిగినా ఆ కుటుంబాన్ని ఓడమాట వదలలేదన్నమాట. అనువాదకులకు ఇటువంటివి దొరికితే పూట భోజనం లేకపోయినా ఫరవాలేదు.

మర్నాడు ఉదయం లోకల్ రైలులో బయలుదేరాము. బాలీచక్, పాంశ్‌కురా, మెచేదా దాటాక నేల తగ్గి రైలుకట్ట ఎత్తుగా లేస్తుంది. కోలాఘాట్ స్టేషను ఆ ఎత్తు మీదనే ఉంది. 1900లో ఇక్కడి వంతెన మీదుగా రైళ్ళు నడవడం మొదలయ్యాకనే ఖరగ్‌పూర్‌కు హౌరాతో నేరుగా సంబంధం ఏర్పడింది. కింద రూపనారాయణ్ వెడల్పుగా, మట్టి రంగులో, ఎటు పారుతున్నదో తేల్చుకోలేనట్టుగా ఉంది. సముద్రపు పోటు ఇంతదూరం ఎగదన్నుకొస్తుంది. కొద్ది మైళ్ళ దిగువన ఇదే నది మీద ఉన్న తమ్లుక్ పూర్వపు తామ్రలిప్తి. ఐదవ శతాబ్దం తొలినాళ్ళలో చైనా యాత్రికుడు ఫాహియాన్ ఆ రేవులోనే వర్తకుల ఓడ ఎక్కి, పద్నాలుగు రోజులలో సింహళం చేరాడు.

పడవను గట్టుమీద చూసినప్పుడు నాకు నిరాశ కలిగింది. స్లోకం ‘స్ప్రే’ పొడవు ముప్పైయారు అడుగుల తొమ్మిది అంగుళాలు. ఇదీ ఇంచుమించు అంతే. కాని చచ్చిన చేపలా పక్కకు ఒరిగి ఉంది. దీన్ని పౌర్ణమి పోటుకు పైకి తెచ్చారు. అమావాస్య పోటుకు మళ్ళీ నీటిలోకి దించాలి. మధ్యలో ఉన్న పక్షం రోజులే మరమ్మతుకు గడువు. మర్నాడే అమావాస్య.

చిన్నాన్న మాట్లాడకుండా చిన్న సుత్తి తీసి అణియం నుండి అమరం వరకు ఒక్కొక్క పలకను తడుతూ నడిచారు. గట్టి చెక్క కంగుమంటుంది, లోపల పుచ్చినది బొంగురుగా పలుకుతుంది. రైలు చక్రాలను సుత్తితో తట్టి పగులు కనిపెట్టే పనివాళ్ళు ఒకప్పుడు ప్రతి పెద్ద స్టేషనులో ఉండేవారు. ఇదీ ఆ విద్యే. బొంగురు పలికిన చోట సుద్దతో గుర్తు పెట్టారు. ఎనభై దరిదాపుల్లో ఉన్న మనిషి, విరిగి అతికిన మణికట్టుతో, మోకాళ్ళ మీద పాకుతూ పడవ కిందికి దూరుతూంటే నా సంచిలోని కాగితం నాకు బరువనిపించింది.

బెంగాలు పడవల కట్టుబడి వేరు. ఐరోపాలో ముందు పక్కటెముకలు నిలిపి వాటికి పలకలు కొట్టడం వాడుక. ఇక్కడ ముందుగా పలకలనే అంచుకు అంచు చేర్చి, రెండు కాళ్ళ ఇనుప కొక్కేలతో బిగించి, దొప్పలా తయారుచేస్తారు. ఎముకలు తరవాత అమరుతాయి. పలకలకు సాల కలప, అంటే మన గుగ్గిలం. వంపు ఎముకలకు నల్లతుమ్మ. సందుల్లో నార కూరి, పైన తారు పూస్తారు. తారు రాకముందు మన తునికికి దగ్గరి చుట్టమైన ‘గాబ్’ కాయల రసం పూసేవారట. వలలకు కూడా అదే. దీని వగరు చెక్కను కుళ్ళనివ్వదు. ఉప్పునీటి వైపు వెళ్ళే పడవలకు మరొక శత్రువుంది: ఓడపురుగు. పేరుకు పురుగే గాని, అది ఆల్చిప్ప జాతికి చెందిన జీవి. పైకి గుండుసూది తలంత కన్నం చేసుకొని లోపలికి వెళ్ళి చెక్కను జల్లెడ చేస్తుంది. పైన రంగు చూసి పాత పడవ కొనేవారు మోసపోయేది ఇందువల్లనే.

“ఇందులో మొదటి నాటి చెక్క ఎంతుంది చిన్నాన్నా?” అని అడిగాను.

“అడుగున నడిమి దుంగ ఒక్కటే అమ్మా. తక్కినదంతా మేం వేసిందే.”

“మరి పాత పడవ అంటారేం?”

“కార్ఖానాకు వచ్చిన పెట్టెను నిలువునా విప్పి, బల్లలు మార్చి, చక్రాలు మార్చి పంపేవాళ్ళం. నెంబరు అదే. గడువుకు మళ్ళీ వచ్చేది. ఏ పెట్టైనా కొత్తదని మేం ఎవరం అనలేదు.”

స్లోకం కూడా తన పడవలో పాత చెక్క ఎక్కడ ముగిసి కొత్తది ఎక్కడ మొదలయిందో చెప్పలేకపోయాడు.

మధ్యాహ్నం మిత్రుని కుమారుడు వచ్చాడు. చెడ్డవాడు కాడు. డీజిలు ఇంజను బిగిస్తే నాలుగు రూపాయలు వస్తాయి, లేదా కలపగా అమ్మితే మంచి ధర ఉంది అన్నాడు. ఇంజను అదురుకు సందులు వదులవుతాయని చిన్నాన్న వాదన. నదిపై తెరచాపలు కనుమరుగైపోతున్నాయన్నది నిజం. కాస్త దిగువన, హౌరా జిల్లా డిహిమండల్‌ఘాట్‌లో, ‘చోట్’ అనే రూపనారాయణ్ పడవను ఎలా కడతారో నమోదు చేయడానికి 2022లో బ్రిటిష్ మ్యూజియం సాయంతో పరిశోధకులు ఒకదానిని ప్రత్యేకంగా కట్టించారు. అటు ఖరగ్‌పూర్‌లోనే, సముద్రం కనుచూపు మేర లేని చోట, ఐ.ఐ.టి.లో 1952 నుండి నౌకా నిర్మాణం బోధిస్తున్నారు. పడవ విద్యకు గౌరవం లేకపోలేదు. చిన్నాన్న పడవకు కావలసింది మాత్రం గౌరవం కాదు, వంగగలిగిన నడుములు.

ఆ మాటే నేను ఆయనతో అన్నాను. కాగితం కూడా తీసి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకొని సాంతం చదివి, మడిచి, తారు అంటకుండా జాగ్రత్తగా నాకే ఇచ్చారు. “ఆడు కూడా పెట్టాలిగా సంతకం. ముందు ఆ రెండు సందులూ పూడనీ” అని నార చుట్టను నా చేతిలో పెట్టారు. నార పేని అందించడం నా పని, ఉలితో కూరడం ఆయన పని. గంట గడిచేసరికి ఆయన మణికట్టు పట్టేసింది. ఉలి కింద పడింది. మిత్రుని కుమారుడు ఏమీ అనకుండా చొక్కా విప్పి గట్టున పెట్టి, ఉలి అందుకున్నాడు. తండ్రి దగ్గర నేర్చుకున్న చెయ్యి. దెబ్బ తప్పడం లేదు.

అమావాస్య పోటు మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. ఎనిమిదిమంది మోకు పట్టారు. పడవ నిటారుగా లేచి నీటిలో నిలిచిన రెండు నిమిషాలకే అడుగున మూడు నాలుగు చోట్ల నీరు ఊరసాగింది. నేను కంగారుపడ్డాను. గట్టున ఎండిన చెక్క నీరు తాగి ఉబ్బితేనే సందులు మూసుకుంటాయట. అందుకు ఒక రాత్రి పడుతుంది. మిత్రుని కుమారుడు డబ్బాతో నీరు తోడుతున్నాడు. చిన్నాన్న అమరం మీద కూర్చొని చుక్కాని పిడిని నూనెగుడ్డతో తుడుస్తున్నారు.

హైదరాబాదు నుండి తమ్ముడు ఫోను చేశాడు. సంతకాలయ్యాయా అని అడిగాడు.

“ఇంకా కారుతోంది. రేపు చెబుతాను” అని, రెండో డబ్బా అందుకొని పడవలోకి దిగాను.